నాలుగో పలక

రాజలింగం చేతి కింద నుంచి మచ్చతో ఒక్క రేకు బయటికి పోయింది లేదు. దుబాయి దగ్గరి ఉమ్ అల్ క్వైన్‌లో ఆ ఉక్కు పనుల షాపు పెట్టిన నాటి నుంచీ బఫింగ్ చక్రం దగ్గర అతనే. లిఫ్టు తలుపులు, మసీదు మెట్ల రెయిలింగులు, పెద్దల ఇళ్ల గేట్లు, ఏది వచ్చినా అద్దం చేసి పంపాలి. అద్దమయిందా లేదా చూడడానికి అతనికో పద్ధతి ఉంది. జేబులోంచి తన బతాకా, అక్కడి గుర్తింపు కార్డు, తీసి రేకుకు ఎదురుగా పట్టుకుంటాడు. తిరగబడ్డ తన పేరు చెదరకుండా కనబడితే పని అయినట్టు. చెదిరితే మళ్లీ చక్రం. ఎవరైనా "ఇగ చాలు కాకా" అంటే వాళ్ల వైపు చూడనైనా చూడడు.

అలాంటి షాపులోకి జపాన్ నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. పేరు కుమెదా సాయో. వర్కర్లకు జపానీ మేడం. ఏభై దాటిన మనిషి, పొట్టి. నెత్తికి తువ్వాలు చుట్టుకొని, నాట్లేసే ఆడవాళ్లలా గొంతుక్కూర్చుని పనిచేసేది. ముంజేతుల నిండా నిప్పురవ్వలు కాల్చిన మచ్చలు. షార్జాలో కొత్తగా కట్టిన ఒక హాలు గోడకు ఆమె చేసిన ఏడు ఉక్కు పలకలు పక్కపక్కన బిగించాలి. పలకలను తన ఊరి కొలిమిలోనే సాగగొట్టి చెక్కపెట్టెల్లో తెచ్చుకుంది. నున్న చేయడం, తేజాబ్ నీళ్లలో, అంటే యాసిడ్‌లో, ముంచడం, గోడకు ఎక్కించడం ఇక్కడ.

"రెండు రకాల ఉక్కండీ," అని మొదటి రోజే తన్మయి అందరికీ చెప్పింది. హాలు కట్టించేవాళ్ల తరఫున వచ్చిన ఇంజనీరు ఆ అమ్మాయి, కాకినాడ పిల్ల. జపానీ వచ్చు, మేడానికి దుబాసీ కూడా ఆమే. "పొర మీద పొర పెట్టి, నిప్పుల్లో కాల్చి, సమ్మెటతో కొట్టి, మడిచి, మళ్లీ కొట్టి ఒకటి చేస్తారు. తేజాబ్‌లో ముంచితే ఒక ఉక్కు నల్లబడుతుంది, ఇంకోటి తెల్లగా ఉండిపోతుంది."

రాజలింగం సగమే విన్నాడు. ఆ టైములో చక్రానికి గుడ్డ మారుస్తున్నాడు. మెరిసేదాన్ని నలుపు చేసుకునేవాళ్లతో అతనికేం పని?

సోమవారం పొద్దున మేడం, తన్మయి గోడ చూసుకోవడానికి షార్జా పోయారు. అన్నిటికన్నా చివర, ముందురోజు ముంచి తీసిన నాలుగో పలకను బల్ల మీద పెట్టి, తెల్లగుడ్డ కప్పి వెళ్లారు. ఉమ్ అల్ క్వైన్ గాలి సముద్రపు గాలి. ఉప్పు ఉన్న గాలి ఇనుమును ఊరికే ఉండనివ్వదు. ఫోర్‌మన్ పర్శరాములు గుడ్డ ఎత్తి చూసి నాలిక కరుచుకున్నాడు. నల్లటి పలక మీద ఎర్రటి తుప్పు చారలు.

"రాజన్నా, గిది చూసినవా? జపానామె పలక తుప్పు వట్టి సచ్చింది. ముదీర్ ఎవల్నో పెద్దమనిషిని తోల్కొస్తుండు. గిట్ల కండ్లవడితే షాపు ఇజ్జతి పోతది. జర చెయ్యి వెట్టు."

"ఆమెనడిగినవా?"

"ఫోన్ జేసి జపాన్ బాసల అడగాల్నా? తుప్పు తీస్తే వద్దనేటోళ్లు ఉంటరా ఎవలన్న?"

ఆ మాట రాజలింగానికి నచ్చింది. తుప్పు తీయడానికి ఎవరి సెలవూ అక్కర్లేదు.

పలకను బల్లకు బిగించాడు. గోరుతో గీరి చూశాడు. గోరు గీతల్లో పడింది. తేజాబ్ తినేసింది దీన్ని, అనుకున్నాడు. ఉత్త గుడ్డచక్రంతో పోయే రోగం కాదు. మొదట గరుకు బిళ్ల, తర్వాత ఉప్పుకాగితం, ముతకది, సన్నది, ఇంకా సన్నది. చివరికి గుడ్డచక్రానికి పచ్చటి పాలిష్ కడ్డీ రాసి, ఒళ్లంతా దాని మీద వాల్చి నడిపాడు. మసీదులో మధ్యాహ్నం బాంగు వినబడే వేళకు పలక పలకరించింది. బతాకా తీసి పట్టాడు. ఒక్క అక్షరం చెదరలేదు. కార్డు పక్కన తన ముఖం కూడా కనబడింది. తెల్లబడ్డ గడ్డం, నోటికి రెండు పక్కలా గాడి. పలకను కొంచెం వాల్చి, అందులో షాపు కప్పు కనబడేలా చేసి, ఊపిరి పీల్చుకున్నాడు.

అదే తెల్లగుడ్డ మళ్లీ కప్పి, అంచులు సర్ది పెట్టాడు. ఆమె రాక కోసం ఎదురు చూడలేదని అతను ఎవరి మీదైనా ఒట్టేసేవాడే. కానీ చాయ్‌కి పోకుండా అక్కడే చీపురు పట్టుకొని నిలబడ్డాడు.

ఆమె వచ్చింది. గుడ్డ తీసింది. చూసి, పలకను తిరగేసింది. అటువైపూ చూసి, పెట్టెల దగ్గరికి పోయి మిగతా పలకలు ఒక్కోటి ముట్టుకుంది. మళ్లీ బల్ల దగ్గరికి వచ్చింది. మెరిసే ఉక్కు మీద వేలితో మెల్లగా ఒక గీత గీసింది, అక్కడ లేని గీతను. తర్వాత నెత్తి తువ్వాలు విప్పి, నాలుగు మడతలు చేసి, బల్ల పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

"ఎవరండీ ఇది చేసింది?" తన్మయి అడిగింది.

"నేనే. తుప్పు వట్టింది, తీసిన."

"అయ్యో, తుప్పు పైపైనండీ. నూనెగుడ్డతో తుడిస్తే పోయేది. కింద ఉన్నదే డిజైను. అదే ఆవిడ పనంతా."

"డిజైనా? డిజైనంటే నెమలో పువ్వో ఉంటది. లిఫ్టు తలుపులకు కొట్టట్లేదా మనం? అండ్ల ఏమున్నది, గీతలు."

"ఆ గీతలేనండీ! ఏడు పలకలు పక్కపక్కన పెడితే ఒక పలకలో గీత ఇంకో పలకలోకి పారాలి. నడిమి పలక మీరు తుడిచేశారు."

ముదీర్ పరుగున వచ్చాడు. షాపు మేనేజరు అతను, పేరు నబీల్, ఈజిప్టు మనిషి. కోపం వస్తే హిందీ, అరబీ కలిసిపోయేవి. "మజ్నూన్! పాగల్! కిస్‌నే బోలా తుమ్‌కో?"

అందరూ పర్శరాములు వైపు చూశారు. పర్శరాములు బల్లకున్న బిగింపు వైపు చూశాడు.

"మై నహీ బోలా సార్. ఆయన మనసుకొచ్చినట్టు చేస్తడు. ఎవ్వల మాట ఇనడు."

రాజలింగం చీపురు గోడకు ఆనించాడు. నన్ను నమ్మండి అని ఇంతవరకు ఎవరినీ అడుక్కోలేదు, ఇప్పుడు మొదలుపెట్టడు. పర్శరాములు తన పక్క ఊరివాడు, పదిహేనేళ్లుగా ఒక బల్ల మీద తిన్నవాడు. వాడి వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపులో వాడి పేరు కొట్టేశాడు.

"ఖలాస్," అన్నాడు ముదీర్. "వీసా క్యాన్సిల్. గురువారం టికెట్. ఘర్ జావ్."

*

ఘర్ జావ్. మిగతావాళ్లకు ఆ మాట పండుగ. రాజలింగానికి కాదు. ఊళ్లో ఇల్లుంది. ఆ ఇంట్లో బిడ్డ మంజుల, అల్లుడు ఉంటున్నారు. బిడ్డతో అతను మాట్లాడక రెండేళ్లు. ఛుట్టీ సెలవులు వచ్చినా పోలేదు.

"ఏం సదురుతున్నవ్ కాకా?" రత్నాకర్ పై మంచం మీది నుంచి తల వేలాడేశాడు. ఒకే రూములో ఉండే పిల్లగాడు, మెట్‌పల్లి వాడు. నోటికి తాళం లేదు. "పెండ్లికి పోతున్నట్టు మడతలు వెడుతున్నవ్. పర్శన్న పేరు ఎందుకు చెప్పలే నువ్వు?"

"చెప్తే ఏమైతది? వాడు సత్తెహరిశ్చంద్రుడైతడా?"

"ఇద్దరు పోదురు. తోడన్నా ఉంటుండె."

రాజలింగానికి నవ్వు రాబోయింది. రానివ్వలేదు. అప్పుడే రత్నాకర్ ఫోను మోగింది. పేరు చూసి వాడి ముఖం మారింది.

"మంజులక్క. నువ్వు ఎత్తవని నాకు చేసింది."

"లేడని చెప్పు."

"ఎన్నిసార్లు చెప్పాలె లేడని? ఉన్న మనిషిని లేడని చెప్తుంటే నాకే పాపం తగిలేటట్టున్నది. ఒక్కసారి మాట్లాడు కాకా."

"నేనొచ్చేదాక ఆపుమన్న. ఆగిందా? తల్లికి అదే అగ్గి వెట్టింది. అయ్య బతికున్నడా సచ్చిండా సూడలే."

"కరోనల ఎవల్ని ఆపనిచ్చిన్రు? దవాఖానోళ్లు శవాన్ని గంటసేపు ఉంచనియ్యలే. నువ్వు పోతే మళ్ల ఇటు రానియ్యని రోజులాయె. ఎరుకే గద నీకు?"

"ఎరుకే," అన్నాడు రాజలింగం. "లేడని చెప్పు."

పెట్టె మూత వేశాడు. భార్య భూమవ్వ ఫోటో ఒకటి గోడకు అంటించి ఉంది. దాన్ని మాత్రం తీయలేదు. తీస్తే పోవడం ఖాయమైపోతుందేమోనని.

*

మరుసటి రోజు షాపుకు పోయింది తన సామాన్లు తెచ్చుకోవడానికే. తోలు చేతితొడుగులు, సొంత కళ్లద్దాలు, ఒక చిన్న సుత్తె. వెనక షెడ్డులో మేడం అప్పటికే పనిలో ఉంది. నాలుగో పలకను వేడినీళ్లతో, సబ్బుతో కడిగింది. తర్వాత స్పిరిట్ గుడ్డతో తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. పాలిష్ జిడ్డు చుక్క ఉన్నా తేజాబ్ కరవదు. పక్కనే తన్మయి ముక్కుకు మాస్కు పెట్టుకొని నిలబడింది. రాజలింగాన్ని చూసి కొంచెం పక్కకు జరిగింది. అతను పోయేవాడే. పోలేదు. గుమ్మానికి చేయి ఆనించి నిలబడ్డాడు.

పలక తొట్టిలోకి జారింది. అతను చేసిన అద్దం మొదట మసకబారింది. నోటి ఆవిరి తగిలినట్టు. తర్వాత బూడిదరంగు. మేడం మెత్తటి కుచ్చుతో నల్లటి మడ్డిని తోస్తూ ఉంది. తోసిన కొద్దీ లోపలి నుంచి సన్నటి గీతలు లేచాయి. ఒకటి వంగింది, దాని పక్కన ఇంకోటి వంగింది, అన్నీ కలిసి దేన్నో చుట్టి పోయినట్టు పోయాయి. వాగు ఎండినాక ఇసుకలో నీళ్ల నడక మిగులుతుందే, అట్లా.

రాజలింగం ఎప్పుడు గుమ్మం దాటి తొట్టి దగ్గరికి వచ్చాడో అతనికి తెలియదు.

"మునుపటివేనా?" అన్నాడు.

తన్మయి అడిగింది. మేడం తల అడ్డంగా ఊపి, ఫోనులో పాత ఫోటో చూపించింది. అందులో గీతలు వేరు.

"అవి పోయాయండీ. మీ గ్రైండర్ దుమ్ములో ఊడ్చేశారు వాటిని. ఇవి వాటి కిందవి. అట్టడుగు దాకా ఉంటాయట గీతలు. ఎంత తీస్తే అక్కడివి బయటికొస్తాయట."

"లిఫ్టు తలుపుల తీరు పైన అచ్చుగొట్టింది అనుకున్న," అన్నాడు రాజలింగం. క్షమాపణకు దగ్గరగా అతను పోగలిగింది అంతవరకే.

మేడం పలకను కడిగి, ఆరబెట్టి, మూడో పలక పక్కన పెట్టింది. మూడోదానిలో పారుతూ వచ్చిన గీత నాలుగోదాని అంచు దగ్గర గోడకు తగిలినట్టు ఆగింది. దాని జోడు వేలెడు కిందుగా ఉంది. అటుపక్క ఐదోదానితో కూడా అంతే. ఆమె రెండు గీతల మీదా రెండు వేళ్లు పెట్టి, రాజలింగం ముఖంలోకి చూసింది. ఆ చూపులో దయ లేదు. అది అతనికి నచ్చింది. దయ చూపించేవాళ్లకు ఏం చెప్పాలో అతనికి ఎప్పుడూ తెలియదు.

ఆమె ఏదో అడిగింది. తన్మయి చెప్పింది: "ఎంత తీశారు అంటున్నారు."

"నాకేం ఎరుక? చెయ్యి ఆగినదాక తీసిన."

ఆ మాట జపాన్ దాకా పోయి వచ్చేసరికి కొంత సేపు పట్టింది. ఆమె పలక మందాన్ని కొలిచే పనిముట్టుతో అక్కడక్కడా చూసింది. ఒక చోట ఉన్నట్టు ఇంకో చోట లేదు. మధ్యలో లోతు, అంచుల్లో పైకి. ఒళ్లు వాల్చి చేసిన పనికి ఒళ్లు వాలిన చోటల్లా గుర్తుంది. ఆమె పనిముట్టు పక్కన పెట్టింది. తర్వాత నాలుగు మాటలు అంది.

"మిగతా ఆరు పలకలూ దీనికి తగ్గట్టు తీయాలట. గీతలు ఒకదాన్నొకటి కలుసుకునేదాకా. అంచు తీస్తే గీత జరుగుతుందట. ఈ వాలు ఏ చేతిదో ఆ చెయ్యే కావాలంటున్నారు. మీరు పోవడానికి వీల్లేదట."

రాజలింగం అడిగాడు: "మాఫీ చేసిందా?"

తన్మయి అడగడానికి ఇబ్బంది పడింది. అడిగింది. మేడం తువ్వాలు నెత్తికి చుట్టుకుంటూ, అతని వైపు చూడకుండానే జవాబిచ్చింది.

"లేదటండీ. ఆ సంగతి తర్వాత చూద్దాం, ముందు పలకలు అంటున్నారు."

ముదీర్ ఒప్పుకోలేదు. పాడుచేసినవాడి చేతికే మళ్లీ ఇస్తారా అని అరిచాడు. మేడం అరవలేదు. గ్రైండర్ తీగ చుట్టి, పెట్టె మూతల మీద మేకులు కొట్టడం మొదలుపెట్టింది. మూడో మేకుకు ముదీర్ చేతులెత్తాడు. "యల్లా, యల్లా! పని అయ్యేదాకా. తర్వాత ఖలాస్."

*

అలవాటైన చేతికి కొత్త పని నేర్పడం కంటే రాయికి నేర్పడం సులువు. రాజలింగం ఎప్పట్లా ఒళ్లు వాల్చాడు. మేడం వచ్చి అతని మోచేతి మీద రెండు వేళ్లు పెట్టి పైకెత్తింది. అతను చేయి విదిలించాడు. ఆమె మళ్లీ ఎత్తింది. పూర్వం ఎవరైనా అట్లా ముట్టుకుంటే గ్రైండర్ కింద పెట్టి పోయేవాడు. ఇప్పుడు పోవడానికి ఊరు తప్ప వేరే చోటు లేదు. చేయి తేల్చాడు. బరువు లేకుండా నడిపితే గరుకు బిళ్ల చప్పుడే మారింది. ఏడ్పు తగ్గి కూనిరాగమైంది.

కొద్దిగా తీయడం. అంచును తేజాబ్‌లో తడపడం. చూడడం. గీత జరిగింది, కానీ చాలదు. మళ్లీ తీయడం. ఒక్కోసారి ఎక్కువైపోయి గీత అటు దాటిపోయేది. అప్పుడు ఆమె పళ్లు బిగించి ఏదో అనేది. తిట్టేనని తెలుస్తూనే ఉంది. రాజలింగం కూడా తిట్టేవాడు, తెలుగులో. అట్లా ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు ఉక్కును తిట్టుకుంటూ మూడో పలకను కలిపారు. కలిసిన గీత మీద ఆమె వేలు పెట్టి ఇటు నుంచి అటు లాగింది. వేలు ఎక్కడా ఆగలేదు. రాజలింగం వైపు జరిగి, నువ్వూ లాగు అన్నట్టు తల ఊపింది. అతను లాగాడు.

గురువారం వచ్చింది, పోయింది. టికెట్ మాట ఎవరూ ఎత్తలేదు.

ఆ సాయంత్రం పర్శరాములు రెండు కప్పుల చాయ్ పట్టుకొని షెడ్డులోకి వచ్చాడు. ఒకటి మేడానికి ఇచ్చి, రెండోది పట్టుకొని నిలబడ్డాడు.

"రాజన్నా. ఆ రోజు... నాకు ఇద్దరు ఆడివిల్లలు. నోరు తిరగలే నాకు."

"తిరిగింది. మంచిగనే తిరిగింది."

"చెప్పు దీస్కొని కొట్టే, ఊకుంట. గిట్ల మాట్లాడకుండ సంపకు."

రాజలింగం పలక అంచు మీది నుంచి కళ్లు ఎత్తలేదు. మేడం అన్న మాట నోటిదాకా వచ్చింది. "ఆ సంగతి తర్వాత సూద్దాం. చాయ్ ఆడ వెట్టు. జర జరుగు, వెల్తురడ్డం."

పర్శరాములు జరిగాడు. పోకుండా నిలబడ్డాడు. కాసేపటికి పలక అటు చివర ఎగిరిపోకుండా చేతులతో అదిమి పట్టాడు. రాజలింగం వద్దనలేదు. చాయ్ చల్లారినాక తాగాడు, కప్పు అడుగు దాకా.

చివరి పలక ముంచిన రోజు షాపులో ఎవరి చక్రమూ తిరగలేదు. ఏడింటినీ షెడ్డు నేల మీద దుప్పటి పరిచి వరసగా పేర్చారు. మొదటి పలక మూలన పుట్టిన గీత ఒకటి లేచి, పడి, నాలుగోదాని మధ్య లోతులో సుడి తిరిగి, అటు దాటి ఏడోదాని చివర బయటికి పోయింది. ఆ సుడి మునుపటి ఫోటోలో లేదు. రాజలింగం ఒళ్లు వాలిన చోటే అది.

"కాకా, నీ బొజ్జ అచ్చువడ్డది అండ్ల," అన్నాడు రత్నాకర్. అందరూ నవ్వారు. తన్మయి ఆ మాట మేడానికి చెప్పింది. ఆమె నోటికి చేయి అడ్డం పెట్టుకొని నవ్వింది. షాపులో ఆమె నవ్వడం అదే మొదలు. తర్వాత సుడి దగ్గర గొంతుక్కూర్చుని చాలా సేపు చూసింది. వర్కర్లు నేర్పిన మాట ఒకటి వెతుక్కొని, రాజలింగం వైపు తిరిగి, "ఠీక్ హై," అంది. అంతే. లేచి తువ్వాలు దులుపుకుంది.

మాఫీ సంగతి అతను మళ్లీ అడగలేదు.

ముదీర్ పలకల చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఫోనుతో ఫోటోలు తీసుకున్నాడు. అందులో తనను కూడా తీయించుకున్నాడు. తర్వాత రాజలింగం భుజం మీద చెయ్యేశాడు. "ఖలాస్, రాజ్. నో క్యాన్సిల్. రేపు నుంచి చక్రం దగ్గరికి పో."

"రేపు వస్త సార్. మగర్ ఒకటి..." రాజలింగం తోలు తొడుగులు తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఛుట్టీ చాహియే. ఘర్ జానా హై."

పర్శరాములు తల తిప్పి చూశాడు. రత్నాకర్ నోరు తెరిచినవాడు మూయలేదు. ముదీర్‌కు అర్థం కాలేదు. వారం కింద ఇంటికి పొమ్మంటే ముఖం మాడ్చుకున్నవాడు ఇతనే. "క్యా బాత్ హై? ఇప్పుడు ఎందుకు?"

రాజలింగం రత్నాకర్ ముందు చేయి చాపి వాడి ఫోను తీసుకున్నాడు. షెడ్డు వెనక్కి పోయాడు. అక్కడ తేజాబ్ తొట్టి కడిగిన నీళ్లు ఇసుకలో ఇంకుతున్నాయి. ఎండ పలచబడింది. రత్నాకర్ ఫోనులో మంజులక్క పేరు వెతికాడు. వేళ్లకు నల్లటి మడ్డి. తుడుచుకోకుండానే నొక్కాడు.

రెండో గంటకే ఎత్తింది.

"రత్నన్నా? బాపు దొరికిండా?"

"నేనే."

అటు నుంచి ఊపిరి వినబడింది. వెనకాల ఎక్కడో కోడి అరిచింది, తన ఇంటి వాకిట్లో.

అతను ఇంకా ఏదో అనాలనుకున్నాడు. ఎందుకాగలేదు అని అడగాలనుకొని రెండేళ్లు మోసిన మాట ఒకటుంది. అది రాలేదు. దాని కిందిది వచ్చింది.

"ఆ రోజు... అవ్వకు అగ్గి వెట్టినప్పుడు, నీ పక్కపొంటి ఎవలన్న ఉన్నరా బిడ్డా?"

అటు తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"ఎవ్వలు లేకుండె బాపూ. ఒక్కదాన్నే."

రాజలింగం గోడకు వీపు ఆనించి, ఇసుకలో గొంతుక్కూర్చున్నాడు.

"చెప్పు," అన్నాడు. "మొదటికెల్లి చెప్పు. ఇంటున్న."